మా ఇంటి నూనె జాడీలు

అమ్మ సంవత్సరీకం నాడు విశాఖపట్నం మహారాణిపేటలోని మా పాత ఇంటికి చుట్టాలందరూ వచ్చారు. అంతమందికి వండి పెట్టే ఓపిక మాలో ఎవరికీ లేక వంటకు మనుషులను పెట్టుకున్నాము. విస్తళ్ళలో పులిహోర వడ్డిస్తూ ఉండగా మా పిన్ని ముద్ద తీసుకుని, నోటి దాకా వచ్చిన చేతిని ఆపేసి, "అమ్మాయీ, ఇందులో మంచినూనె పడలేదు" అన్నది. మంచినూనె అంటే మా ఇళ్ళలో నువ్వుల నూనె. వంటాయనను పిలిచి అడిగితే, ఈ రోజుల్లో అన్ని వంటలకూ ఒకటే పాకెట్టు నూనె వాడుతున్నామని, నువ్వుల నూనె వాసన చాలామందికి పడటం లేదని వినయంగా చెప్పాడు. పిన్ని ఆయనను ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగి, "మీ అమ్మ వేడి అన్నం పళ్ళెంలో పరిచి, పసుపూ కరివేపాకూ వేసి, పైన పచ్చి మంచినూనె ధారగా పోసి కాసేపు మూత పెట్టేది. తరువాతే పులుసు కలిపేది" అని మాత్రం అన్నది.

చుట్టాలు వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. నా చిన్నతనంలో మా వంటింట్లో ఏ వంటకు ఏ నూనె అన్నది ఎవరో ఒకరు ఆలోచించి తేల్చే విషయం. ఉప్పు ఎంత, కారం ఎంత అన్నంత శ్రద్ధగా నూనె ఏది అన్నదీ చూసేవారు. ఆ శ్రద్ధను నేను మా అమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర, ఇరుగుపొరుగు ఇళ్ళలో, తరువాత ఉద్యోగం చేసిన కొండ ఊళ్ళలో చూశాను. గుర్తున్నంత మేరకు వ్రాస్తున్నాను.

*

మా వంటింట్లో గోడవారగా ఎత్తు పీట మీద జాడీలు వరుసగా ఉండేవి. అన్నిటికంటె పెద్దది మంచినూనెది. దాని పక్కన వేరుశెనగ నూనెది. చివర, ముట్టుకుంటే చేతికి జిగురుగా తగిలే ఆముదం జాడీ. కొబ్బరినూనె వంటింటిలోకి వచ్చేది కాదు. అది అద్దం దగ్గర, దువ్వెనల పక్కన ఉండవలసినదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. నూనెను ఇత్తడి గిన్నెలోగాని రాగి చెంబులోగాని నిలువ ఉంచడానికి నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "కంపు వస్తుంది" అనేది, అంతకు మించి కారణం చెప్పేది కాదు. రాగి తగిలితే నూనె గాలితో కలిసి త్వరగా ముక్కిపోతుందని, వెలుతురు పడినా అంతేనని నేను చాలా ఏళ్ళ తరువాత చదువుకున్నాను. గాజు సీసా బదులు మందపాటి పింగాణీ జాడీ, దాని మీద గుడ్డ కట్టిన మూత, పొయ్యికి దూరంగా చీకటి మూల: ఆవిడ ఏర్పాటు అంతా సరైనదే.

మంచినూనె ఊరగాయలకు, పులిహోరకు, పచ్చళ్ళకు, పులుసులకు, ఇంగువ పోపుకు. వంకాయ కాల్చి చేసిన పచ్చడిలో చివరన ఒక చెంచా పచ్చిగానే వేసేవారు. కందిపొడి అన్నంలో, నెయ్యి లేని రోజున, అదే. చేపల పులుసుకూ అదే. తెల్లవారి మిగిలిన పులుసు గిన్నె మూత తీస్తే పైన తేలిన నూనెకు చింతపండు పులుపూ మెంతివాసనా పట్టి ఉండేవి, ఆ పులుసు మొదటి రోజుకంటె రెండవ రోజు బాగుండటానికి సగం కారణం ఆ నూనే.

వేరుశెనగ నూనె వేపుళ్ళకు, పిండివంటలకు. బాగా కాగినా అది త్వరగా మాడు వాసన వేయదు, జంతికల కరకర కూడా దానిలో ఎక్కువ రోజులు నిలుస్తుంది. నాయనమ్మ దృష్టిలో మాత్రం అది కొత్తగా వచ్చిన నూనె. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో నువ్వుల నూనె తప్ప మరొకటి ఎరగరట. వేరుశెనగ దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిన పంట కనుక ఆవిడ మాటలో చరిత్ర ఉన్నది. నోముల నాడు, వ్రతాల నాడు వేరుశెనగ నూనె మూకుడు పొయ్యి ఎక్కేది కాదు.

ఆముదం దీపానికి, ఒంటికి. వంటింట్లో దానికి ఒకే ఒక పని ఉండేది: ఏడాదికి సరిపడా కందిపప్పు కొన్నప్పుడు అరచేతికి కొద్దిగా ఆముదం రాసుకుని పప్పునంతా పట్టించి, ఎండకు పెట్టి, డబ్బాలకు ఎత్తేవారు. పురుగు పట్టేది కాదు. పప్పు మీద ఆ సన్నని మెరుపు ఇప్పటికీ నా కళ్ళకు కనిపిస్తుంది.

*

నూనె కొనడానికి నేను నాన్నతో కురుపాం మార్కెట్టు వైపు వెళ్ళేదాన్ని. ఆ కొట్లో పెద్ద పెద్ద డబ్బాలు వరుసగా ఉండేవి, ఒక్కొక్కదానిలో ఒక రేకు పంపు. కొట్టు ఆయన పంపు పైకి లాగి కిందికి నొక్కితే గుడగుడమంటూ నూనె కొలతపాత్రలోకి వచ్చేది, అందులోనుంచి గరాటు మీదుగా మా సీసాలోకి. సీసా మెడకు పురికొస కట్టి ఉండేది. దానిని వేలికి తగిలించుకుని, ఎక్కడా తగలకుండా ఇంటికి చేర్చడం నా బాధ్యత.

నాన్న పోర్టులో ఉద్యోగి. లెక్కల మనిషి. అయినా నూనె విషయంలో లెక్క కంటె ముక్కునే నమ్మేవారు. కొట్టు ఆయన చెంచాతో ఇచ్చిన నూనెను ఎడమ అరచేతిలో పోసుకుని, కుడిచేతి వేలితో గట్టిగా రుద్ది, వేడెక్కిన తరువాత వాసన చూసేవారు. చల్లగా ఉన్నప్పుడు దాగిన ముక్కిన వాసన రుద్దినప్పుడు బయటపడుతుందని నాకు నేర్పారు. నాలుక మీద ఒక చుక్క వేసుకుని గొంతులో చివర చేదు మిగిలితే ఆ డబ్బా వద్దనేవారు. కొట్టు ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "ఇది పాతది బాబుగారూ, కొత్త డబ్బా రేపు దించుతాం" అని తానే చెప్పేవాడు.

విడి నూనెలో కల్తీ భయం లేకపోలేదు. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల 1998లో ఢిల్లీలో ఎంతోమంది కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని మరణించారు. ఆ వార్త వచ్చిన రోజున నాన్న పత్రిక మడిచి పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. మూత బిగించిన నూనె వైపు జనం మళ్ళడానికి అటువంటి ఘటనలు బలమైన కారణం, దానిని నేను కాదనను.

*

వేసవి సెలవులకు చోడవరం దగ్గర నాయనమ్మ ఊరికి వెళ్ళేవాళ్ళం. ఆ ప్రాంతమంతా చెరకు తోటలూ బెల్లం వంటకాలూ. నువ్వుల పంట కోసిన తరువాత కట్టలు కట్టి, తలలు పైకి వచ్చేలా ఒకదానికొకటి ఆనించి కళ్ళంలో నిలబెట్టేవారు. ఎండకు కాయలు నోళ్ళు తెరుచుకునేవి. అప్పుడు కట్టను తలకిందులు చేసి గుడ్డ మీద దులిపితే గింజలు జలజలా రాలేవి. మాకు దగ్గరలోని ఎలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం నువ్వులకు పేరుపడినది. వరాహ, గౌతమ, శారద అనే నువ్వు వంగడాలు అక్కడివే.

గానుగ ఊరి చివర చింతచెట్ల కింద ఉండేది. నేలలోకి దిగేసిన పెద్ద కొయ్య రోలు, దానిలో ఏటవాలుగా నిలబడిన బరువైన రోకలి, ఆ రోకలికి తగిలించిన దూలం, దూలం మీద బరువు కోసం పెట్టిన రాళ్ళు, కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు. గానుగ తాత ఆ దూలం మీదనే కూర్చుని తిరిగేవాడు. మమ్మల్ని కూడా అప్పుడప్పుడు ఎక్కించుకునేవాడు. బరువు పెరిగితే నూనె బాగా దిగుతుందని చెప్పి మాకు గొప్పగా అనిపించేలా చేసేవాడు. కిర్రుమని సాగే ఆ చప్పుడు మధ్యాహ్నమంతా ఊరిలో వినిపిస్తూనే ఉండేది. ఆగితే మాత్రం అందరూ తలెత్తి చూసేవారు.

నువ్వులు ముందు పొడిగా నలిగేవి. కొంతసేపయ్యాక తాత గుప్పెడు నీళ్ళు చిలకరించేవాడు. నూనె తీయడానికి నీళ్ళు ఎందుకని నేను అడిగితే, "నీళ్ళు తగిల్తేనే పిండి ముద్ద కడతాది, ముద్ద కడితేనే నూని వదుల్తాది బుల్లీ" అన్నాడు. ఆ మాట నిజమే. కొద్దిపాటి తడి పిండిని పట్టుకుని నూనెను బయటికి తోసేస్తుంది. చూస్తూ చూస్తూ ఉండగా ముద్ద పక్కలకు అంటుకునేది, నడుమ గుంటలో నూనె ఊరేది, తాత దానిని గుడ్డతో అద్ది గిన్నెలోకి పిండేవాడు. అప్పటి నూనె మడ్డిగా, గోధుమరంగులో ఉండేది. ఇంటికి తెచ్చి వెడల్పు గిన్నెలో పోసి, పైన పలుచని గుడ్డ కట్టి ఎండలో పెడితే మడ్డి అడుగుకు దిగి పైన తేరిన నూనె బంగారు వన్నెలో మిగిలేది. ఆ పైతేట జాడీకి, అడుగు మడ్డి దీపాలకు.

నువ్వులలో సుమారు సగం బరువు నూనే ఉంటుంది. ఎద్దు గానుగ దానినంతా లాగలేదు, కొంత, నూనె తీయగా మిగిలే చెక్కలోనే, అంటే తెలగపిండిలోనే, ఉండిపోతుంది. తెలగపిండి రుచి అంతా ఆ మిగిలిపోయిన నూనెది. వెల్లుల్లి పోపు వేసి మునగాకుతో నాయనమ్మ వండే తెలగపిండి కూర బాలింతలకు పాలు పడతాయని ప్రత్యేకంగా పెట్టేవారు. మాకు వరుస వచ్చేసరికి గిన్నె అడుగున కొంచెమే ఉండేది. మిగిలిన తెలగపిండి వడియాలయ్యేది, ఇంకా మిగిలితే పశువుల కుడితిలోకి. పొడిపొడిగా ఉండే నేటి మిల్లు చెక్కతో ఆ కూర చేసి చూశాను. ఆ రుచి రాదు.

*

విశాఖపట్నం ఊరే అన్ని ప్రాంతాల వారిది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వాల్తేరులో బెంగాలీ కుటుంబాలు ఉండేవి, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడిన తరువాత కేరళ వారు, పంజాబు వారు పెరిగారు. ఆ విధంగా దేశంలోని నూనెలన్నీ మా వీధులలోకి వచ్చాయి.

మా మేనత్త వాళ్ళు రైల్వే క్వార్టర్సులో ఉండేవారు. వాళ్ళ పక్కింటి బెంగాలీ పెద్దావిడ ఉదయం పొయ్యి మీద ఆవనూనె పెట్టిందంటే ఆ వరుసలో అందరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగేవి. పొగ వచ్చేదాకా కాచి, ఒక్క నిమిషం దించి, అప్పుడు మళ్ళీ పొయ్యి మీద పెట్టి చేపముక్కలు వేసేది. అలా కాస్తే ఘాటు తగ్గి తియ్యదనం మిగులుతుందని ఆవిడ చెప్పేది. తోటకూరలాంటి ఆకుకూరల మీద మాత్రం కాచని ఆవనూనె రెండు చుక్కలు వేసి కలిపేది.

అమ్మకు మొదట్లో ఆ వాసన పడలేదు. తరువాత ఒకనాడు అమ్మ మా పద్ధతిలో అరటికాయ ఆవపెట్టిన కూర చేసి వాళ్ళకు పంపింది. ఆవలు, ఎండుమిరపకాయలు, కొంచెం అల్లం నూరి, కూర దించిన తరువాత కలిపిన ముద్ద అది. పెద్దావిడ గిన్నె తిరిగి ఇస్తూ, "మేము నూనెను వాడుకుంటాము, మీరు గింజను వాడుకుంటారు, ఘాటు ఒక్కటే" అన్నది. ఆ తరువాత మా ఇంట్లో పనసపొట్టు కూర వండేటప్పుడు అమ్మ పోపుకు వేరుశెనగ నూనెతో పాటు ఒక చెంచా ఆవనూనె వేయడం మొదలుపెట్టింది. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఆవ ఘాటు పోపులోనూ, నూరిన ముద్దలోనూ రెండుసార్లు తగులుతుంది. పనసపొట్టు వగరుకు అది సరిగ్గా సరిపోతుంది.

నౌకాదళంలో పనిచేసే ఒక కేరళ కుటుంబం మా మేడ మీద అద్దెకు ఉండేది. వాళ్ళు అరటికాయ చిప్సు కొబ్బరినూనెలో వేయిస్తే మేము మెట్ల మీద కూర్చునే వాళ్ళం. తలకు రాసుకునే నూనెతో వంటేమిటని నాయనమ్మ మొదట ముఖం తిప్పుకున్నది, ఒక్క చిప్సు నోట వేసుకున్నాక ఇంకొకటి అడిగింది. కొబ్బరినూనె ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు కావడం వలన కాగినా తొందరగా చెడదు. మా ఊరి ఉక్కబోతలో కరిగి ఉండేది, మార్గశిరంలో తెల్లవారుజామున సీసాలో తెల్లగా గడ్డకట్టేది. అవియల్ దించాక పైన పోసే ఆ పచ్చి కొబ్బరినూనె రుచి మాత్రం మరే నూనెతోనూ రాదు. మా ఇంట్లో కొబ్బరినూనె అద్దం దగ్గర నుంచి వంటింటికి మారింది అప్పుడే.

*

నేను ఉపాధ్యాయినిగా మొదట పనిచేసినది ఏజెన్సీలో. విశాఖ నుంచి కిరండోల్ పాసింజరు ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు దాకా వెళ్ళి, అక్కడి నుంచి జీపులో. వర్షాలు వెళ్ళిన తరువాత కొండవాలు పొలాలన్నీ పసుపు పచ్చగా మారేవి. ఇప్పుడు పర్యాటకులు ఆగి ఫొటోలు తీసుకునే ఆ పూలు వలిసెలు అనే నూనెగింజ పంటవి. అక్కడి పిల్లలకు అది వింత కాదు. బడికి వచ్చే పిల్ల జేబులో వేయించిన వలిసెలు ఉండేవి.

వలిసె గింజ నల్లగా, సన్నగా, మెరుస్తూ ఉంటుంది. నేను అద్దెకు ఉన్న ఇంటి అమ్మ దానిని పెనం మీద దోరగా వేయించి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ ఉప్పూ వేసి రోట్లో నూరేది. నూరుతుండగానే నూనె ఊరి ముద్ద నల్లగా మెరిసేది. రాగి సంకటిలో ఆ పచ్చడి నంజుకుంటే వేరే కూర అక్కరలేదు. వలిసె నూనె పలుచగా, లేత పసుపురంగులో, కొంచెం కాయవాసనతో ఉంటుంది. చిక్కుడుగింజల కూరకు, గుమ్మడికాయ కూరకు చాలా బాగుంటుంది. ఒక్క లోపం, అది నిలువ ఉండదు. లినోలిక్ ఆమ్లం చాలా ఎక్కువగా ఉండటం వలన త్వరగా ముక్కిపోతుంది. ఆ ఇంటి అమ్మకు ఆమ్లం పేరు తెలియదుగాని, పంట వచ్చిన తరువాత గింజనే దాచుకుని, కావలసినప్పుడు కావలసినంతే ఆడించుకునేది.

అక్కడే ఇప్పనూనె కూడా చూశాను. ఇప్పకాయల లోపలి పలుకులను ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టించి, బుట్టలో పెట్టి, రెండు బరువైన కొయ్య దిమ్మల మధ్య నొక్కేవారు. కొండ చలికి అది వెన్నలా పేరుకునేది. మొదటిసారి తిన్నప్పుడు నాకు చేదు తగిలింది. వాళ్ళు దానిని ముందుగా బాగా కాచి వాడేవారు, అప్పుడు ఆ చేదు చాలావరకు తగ్గేది. సంతలో గిరిజన సహకార సంస్థ వారు చింతపండు, తేనె, వలిసెలు, ఇప్పపలుకులు కొనేవారు. 1956లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలోనే ఉన్నది. మా ఊరికి ఇంత దగ్గరగా పండే వలిసె నూనె మా ఊరి వంటిళ్ళలో ఎందుకు లేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే ప్రశ్న. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు ఒక సీసా నిండా తెచ్చేదాన్ని. అమ్మ దానితో గుమ్మడికాయ కూర వండి, ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఇది మా అమ్మాయి బడి ఊరిదని చెప్పి పెట్టేది.

*

మార్పు ఒక్కసారిగా రాలేదు. నూనెను గడ్డకట్టించి చేసే డాల్డా మా పుట్టుకకు ముందే, 1937లోనే వచ్చింది. పెళ్ళిళ్ళలో లడ్డూలకు, పూరీలకు అదే వాడేవారు. ఖాళీ అయిన డబ్బాలో మా ఇంట్లో బియ్యం కొలిచేవారు. గడ్డకట్టించే క్రమంలో అందులో ఏర్పడే ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని అని అప్పట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నూనెలలో, కొవ్వులలో దానిని నూటికి 2 వంతులకు మించనివ్వని నిబంధన 2022 నుంచి అమలులో ఉన్నది.

తరువాత చౌకధరల దుకాణంలో పామోలిన్ వచ్చింది. వరుసలో నిలబడి తెచ్చుకునే ఆ నూనె చలికాలం ఉదయం మసకబారి, అడుగున తెల్లగా పేరుకునేది. అమ్మకు నచ్చలేదు, అయినా తప్పుపట్టలేదు. మా ఇంట్లో పనిచేసే అప్పాయమ్మగారి లాంటి వాళ్ళ ఇళ్ళలో అంతవరకు నూనె చుక్కలుగా లెక్కపెట్టి వాడేవారని, ఇప్పుడు వాళ్ళ పిల్లలు కూడా పండుగకు గారెలు తింటున్నారని చెప్పేది. ఆ మాట నేను ఎప్పుడూ గుర్తు పెట్టుకుంటాను. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైన తరువాత పొద్దుతిరుగుడు పొలాలు కూడా కనిపించసాగాయి. రైతుల సహకార సమాఖ్య వారి విజయ నూనె పాకెట్లు వచ్చాయి.

చివరకు రిఫైన్డు నూనె. జిగురు తీసి, క్షారంతో కడిగి, మట్టితో రంగు పీల్చి, శూన్యంలో రెండు వందల డిగ్రీలకు పైగా వేడి ఆవిరిని పంపి వాసనను పూర్తిగా తొలగిస్తారు. ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ ప్రయోజనాలు నిజమైనవే. కాని వాసన పోయిన తరువాత అది నువ్వులదో, వేరుశెనగదో, పొద్దుతిరుగుడుదో ముక్కుకు తెలియదు. తెలియనప్పుడు ఎంచుకోవడం అనే పనే ఉండదు. మా వంటింట్లో జాడీలు ఒకటొకటిగా అటక ఎక్కాయి, పీట మీద ఒకే ఒక డబ్బా మిగిలింది. అమ్మ మాత్రం ఊరగాయ జాడీకి ఆ డబ్బాను చివరివరకు తాకనివ్వలేదు.

*

అమెరికాలో మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు దుకాణంలో నూనెల అరల ముందు నిలబడి ఆశ్చర్యపోయాను. అక్కడ ఆక్రోటు నూనె, బాదం నూనె, గుమ్మడిగింజల నూనె, ద్రాక్షగింజల నూనె, ఏ సీసా మీద చూసినా దేనికి వాడాలో వ్రాసి ఉన్నది. ఆక్రోటు నూనెను పొయ్యి మీద పెట్టకూడదు, వేడికి దాని సువాసనంతా పోయి చేదెక్కుతుంది. పచ్చి కూరగాయ ముక్కల మీద వేసి, సీసాను ఫ్రిజ్‌లో దాచుకోవాలి. మా కందిపొడి అన్నంలో అది ఎంత బాగుంటుందో అక్కడే కనిపెట్టాను.

అక్కడి నువ్వుల నూనె విషయంలో మన వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. చైనా వంటకు అమ్మే ముదురు గోధుమరంగు నువ్వుల నూనె బాగా వేయించిన నువ్వులనుంచి తీసినది, వంట దించిన తరువాత రెండు చుక్కలు వేసుకోవడానికి ఉద్దేశించినది. మన గానుగ నూనె పచ్చి నువ్వులది. మా అమ్మాయి స్నేహితురాలు ఆ ముదురు నూనెతో ఆవకాయ కలుపుకున్నది. మామిడికాయ వాసన, ఆవపిండి ఘాటు రెండూ ఆ మాడు సువాసన కింద అణిగిపోయాయి.

*

ఇప్పుడు విశాఖలో మోటారుతో తిరిగే చెక్క గానుగలు వెలిశాయి, కాలనీలలో, రైతుబజారుల దగ్గర. గింజలు మన కళ్ళెదుటే పోసి ఆడిస్తారు. నేను ఎప్పుడూ గింజను ముందు చూస్తాను: నువ్వు పాతదైతే నూనె ఎంత బాగా ఆడించినా ముక్కిన వాసన పోదు. వేరుశెనగ పప్పులో బూజు పట్టినవి, ముడుచుకున్నవి ఉంటే కొనను. బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉన్నది, గానుగ నూనెను శుద్ధి చేయరు కనుక ఆ విషం అందులోనే మిగలవచ్చు. నూనె కొద్దిగానే, నెలకు సరిపడా తెచ్చుకుంటాను. నూనె మితంగా వాడాలన్నది అన్నిటికీ ఒకే నియమం. గానుగదైనా సరే, కొవ్వు కొవ్వే.

వేయించగా మిగిలిన నూనెను అమ్మ వడకట్టి, మరునాటి పోపులకో పులుసుకో వాడేసేది. దానిలో మళ్ళీ బూరెలు వేయడం ఎన్నడూ చూడలేదు. నూనెను మళ్ళీ మళ్ళీ కాచినకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు నూటికి 25 దాటితే వాడరాదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన 2018 జూలై నుంచి అమలులో ఉన్నది. బజ్జీల బండి దగ్గర నిలబడినప్పుడు నేను ముందు మూకుడులోకి చూస్తాను. నూనె నల్లబడి, నురుగు కట్టి, చిక్కగా సాగుతూ ఉంటే ఎంత ఆకలి ఉన్నా వెనుతిరుగుతాను.

మా కోడలిది అనంతపురం, వేరుశెనగ పండే సీమ. ఆమె వచ్చిన మొదటి వేసవిలో ఆవకాయ కలిపే వేళ, "అత్తయ్యా, మా ఇంట్లో సెనగనూనె పోస్తాము" అని మెల్లగా అన్నది. అప్పటినుంచి మా ఇంట్లో రెండు జాడీలు. ఒకే కాయ, ఒకే కారం, ఒకే ఆవపిండి, నూనె మాత్రం వేరు. మూడవరోజు తిరగకలిపి, ముక్క మీద వేలెడు నూనె తేలేటట్టు పోసుకుంటాము. ఆమెది కమ్మగా ఉంటుంది, పిల్లలు ముందు దానినే అడుగుతారు. దసరా నాటికి జాడీ ఖాళీ అవుతుంది, అవ్వడమే మంచిది, ఆ తరువాత దాని వాసన మారుతుంది. నువ్వుల నూనెలో సెసమిన్, సెసమోలిన్ అనే సహజ రక్షకాలు ఉండటం వలన నా జాడీ మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా నిలుస్తుంది. కిందటి ఏడు ఉగాదికి తీసిన ముక్క కూడా గట్టిగానే ఉన్నది. ఈసారి కోడలు తన జాడీలో సగం నువ్వుల నూనె కలిపి చూస్తానంటున్నది. నేను సరేనన్నాను, కలిపే పాళ్ళు ఇంకా తేల్చుకోలేదు.